కోతపడిన వాగును బాగుచేయడం – మూడవ పాఠం: హెడ్‌కట్‌కు రాతి గిన్నె, వాగుకు ఒంటిరాతి కట్ట

రాంచ్ (పశువులను మేపే విశాలమైన భూమి) లోపలి బండి బాటలు వాననీటిని పట్టి తామే కాలువలుగా మారే తీరును, బాట మీద అక్కడక్కడా వెడల్పాటి పల్లం తీసి ఆ నీటిని పక్కనున్న గడ్డిలోకి మళ్లించే పద్ధతిని గత పాఠంలో నేర్చుకున్నాం. బాటల పని పూర్తి చేయనివారు ఈ పాఠాన్ని చదవవచ్చు గాని వాగులో రాయి వేయవద్దు. పైనుంచి వచ్చే నీరు తగ్గకముందే కింద కట్టినవి మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతాయి.

అమెరికా నైరుతి ప్రాంతంలో సన్నటి వాగులు లోతైన గండ్లుగా మారినది ఎక్కువగా పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో. రైలు మార్గాలతో పాటు పశువుల మందలు పెరిగాయి. 1891 నుంచి 1893 వరకు వచ్చిన కరవులో గడ్డి వేళ్లదాకా పోయింది. ఆ తరువాత కురిసిన వానకు నేలను పట్టి ఉంచేది ఏదీ మిగలలేదు. ఆరిజోనా ఆగ్నేయ భాగంలోని సాన్ సైమన్ లోయ కథ ఈ పాఠానికి బాగా పనికివస్తుంది. అక్కడ 1883లో సోలమన్‌విల్ ప్రాంతపు రైతులు, వరదనీరు పొలాల మీద పరుచుకోకుండా ఒకే దారిన పోవాలని 20 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న కాలువ తవ్వారు. ఒక్కచోటికి చేరిన నీరు ఆ కాలువను అడుగు నుంచి తవ్వుకుంటూ ఎగువకు సాగి, చివరికి దాదాపు 60 మైళ్ల పొడవైన గండిని మిగిల్చింది. కోత దిగువన మొదలై ఎగువకు నడుస్తుందన్న విషయాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ఆ నడిచే కోత ముఖాన్నే హెడ్‌కట్ అంటారు. వాగు అడుగు ఒక్కసారిగా మెట్టులా దిగిపోయే చోట నీరు చిన్న జలపాతమై పడి మెట్టు పాదాన్ని తవ్వుతుంది. పాదం డొల్లబడగానే పైనున్న గడ్డి పెళ్ల విరిగి పడుతుంది. మెట్టు రెండడుగులు ఎగువకు జరుగుతుంది. అది దాటిపోయిన మేరకు భూగర్భజలం కూడా కొత్త అడుగు మట్టానికి దిగుతుంది కాబట్టి, ఒడ్డున పెరిగే సకటాన్ వంటి గడ్డి దుబ్బులకు వేళ్ల అందుబాటులో ఉన్న తేమ తప్పిపోతుంది. రైతుకు కనిపించేది ఎండిన గడ్డి. కారణం మాత్రం ఆ గడ్డికి దిగువన కొన్ని గజాల దూరంలో ఉంటుంది.

నడుము ఎత్తుకు మించని హెడ్‌కట్‌ను రాళ్లతోనే నిలపవచ్చు. అమెరికా అటవీశాఖలో పనిచేసి విరమించిన బిల్ జీడిక్ ఇందుకు ప్రచారంలోకి తెచ్చిన కట్టడం పేరు జూనీ బౌల్. వాన నీటితోనే తరతరాలుగా పంట పండించిన న్యూ మెక్సికోలోని జూనీ ప్రజల పేరు దానికి ఉంది. ముందు మెట్టు అంచును పారతో వాలుగా చెక్కి, ఆ వాలు మీదా దాని పాదం వద్దా రాళ్లు పేర్చి గిన్నె ఆకారం తీసుకురావాలి. పడే నీరు మట్టిని కాక గిన్నెలో నిలిచిన నీటినే తాకి తన బలం పోగొట్టుకుంటుంది. మెట్టు ఎత్తుకు నాలుగు నుంచి ఆరు రెట్ల దూరంలో దిగువన ఒక ఒంటిరాతి కట్ట తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే గిన్నె కింద కొత్త కోత పుడుతుంది.

ఒంటిరాతి కట్ట అంటే ఎత్తు ఒకే ఒక రాయి. రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ప్రవాహ దిశలో మాత్రం మూడు నుంచి ఐదు వరుసలు పక్కపక్కన ఇరికించాలి. కట్టకు చోటు వాగు మలుపులో కాదు, రెండు మలుపుల మధ్య నీరు పలచగా, తిన్నగా పారే చోట. మొదట అన్నిటికంటే దిగువ వరుస కోసం వాగు అడుగును తవ్వి, రాళ్ల తల వాగు అడుగుతో సమానంగా ఉండేలా పాతాలి. కట్ట దాటి దూకే నీరు దాని మీద పడుతుంది. తరువాతి వరుసలను ఎగువ వైపు పేర్చుకుంటూ పోయి, చివరల్లో పెద్ద రాళ్లను ఒడ్డులోకి దూర్చాలి. నడిమి భాగం కొద్దిగా పల్లంగా ఉండాలి, అప్పుడే నీరు ఒడ్డును కొరకకుండా మధ్యలో పోతుంది. మొత్తం ఎత్తు, మామూలు ఏటి వరదలో వాగు లోతుకు మూడో వంతు దాటకూడదు. ఒండ్రు చేరి రాళ్ల సందుల్లో గడ్డి మొలిచాక, ఆ ఒండ్రు మీదే మరో వరుస వేసి వాగు అడుగును అంచెలంచెలుగా పైకి తెచ్చుకోవచ్చు.

తెలుగు నాట వాటర్‌షెడ్ పనులు చేసినవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. పరుగెత్తే నీటికి నడక నేర్పాలి, నడిచే నీటిని ఆపాలి, ఆగిన నీటిని ఇంకించాలి అని మనం చెప్పుకుంటాం గదా, ఈ కట్ట నీటిని ఆపదేమి? ఇక్కడ మొదటి మాట చాలు. నీరు నిలిపే ఎత్తు పెంచినకొద్దీ కట్ట మీద పడే బరువు, దాటి దూకే నీటి బలం రెండూ పెరుగుతాయి. పైగా అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు అన్న నియమం ఉన్నందున, దిగువ హక్కుదారుల నీటిని పట్టి ఉంచడం వివాదమవుతుంది. కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం చిన్నపాటి వాగు పునరుద్ధరణ పనులకు ఈ చిక్కు లేకుండా చేసింది. వాగులో రాయి, మట్టి వేయడానికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అనుమతి అవసరమా అన్నది, ఆ అనుమతులు ఇచ్చే సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ను పని ముందే అడగాలి.

దిగువకు నీరు తగ్గుతుందన్న భయానికి ఆరిజోనాలోని చిరికావా పర్వతాలలో ఉన్న ఒక రాంచ్ కొంత సమాధానమిచ్చింది. అక్కడ 1980ల నుంచి సుమారు 2,000 రాతి కట్టలు వేసిన వాగును, ఏమీ కట్టని పొరుగు వాగుతో యు.ఎస్. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు పోల్చి 2016లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వరద ఉధృతి తగ్గింది. మొత్తం ప్రవాహం మాత్రం 28 శాతం ఎక్కువగా ఉంది. ఇది ఒక పర్వత వాగు సంగతి, ప్రతి గండికీ ఇదే లెక్క వర్తిస్తుందని అనుకోనక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: జూలైలో వానలు మొదలవకముందే మీ వాగు వెంట దిగువ నుంచి ఎగువకు నడవండి. ప్రతి మెట్టు ఎత్తునూ కర్రతో కొలిచి రాసుకోండి. ఎగువ అంచుకు రెండు గజాల అవతల ఒక గూటం పాతి, అక్కడి నుంచి అంచు దాకా దూరం నమోదు చేయండి. వానల తరువాత అదే దూరాన్ని మళ్లీ కొలిస్తే ఏ మెట్టు నడుస్తోందో, ఏది నిలిచిందో తెలుస్తుంది. నడిచే వాటికి మాత్రమే రాళ్లు తోలించండి. ఆ కట్టల మీద మొలిచే లేత గడ్డిని పశువులు మొదటి నెలలోనే తొక్కేయకుండా మేత కాలాన్ని ఎలా మార్చాలో నాలుగవ పాఠంలో చూద్దాం.