గ్రహశకలాల కథల్లో లెక్క తప్పే చోట్లు: సమస్య - పరిష్కారం

మనుషులు సౌరకుటుంబమంతా విస్తరించిన భవిష్యత్తును ఊహించే రచయితకు గ్రహశకలం గనిగానో, నీటి వనరుగానో, ఊరుగానో, ఆయుధంగానో తప్పకుండా అక్కరకొస్తుంది. ఈ కథల్లో నమ్మకం సడలే చోట్లను, వాటికి కారణాలను, సరిదిద్దుకునే పద్ధతులను కింద వివరిస్తున్నాను. నా పరిశీలనలో చాలా లోపాలకు మూలం ఒకటే: గ్రహశకలాన్ని భూమి మీది కొండలాగా ఊహించుకోవడం.

సమస్య: గని సన్నివేశం భూమి మీద జరుగుతున్నట్టే ఉంది.

కారణం: బరువు అనేది దాదాపు లేని చోట పని ఎలా సాగుతుందో రచయిత ఆలోచించలేదు. సింగరేణి గనిలో డ్రిల్లు పట్టిన కార్మికుడికి కాళ్ల కింద నేల ఆసరాగా ఉంటుంది. అతని బరువే అతన్ని నిలబెడుతుంది. దాదాపు 490 మీటర్ల వ్యాసమున్న బెన్నూ అనే గ్రహశకలం మీద ఆ ఆసరా లేదు. అక్కడ ఒక మీటరు ఎత్తు నుంచి వదిలిన సుత్తి ఉపరితలాన్ని చేరడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. పలాయన వేగం, అంటే శకలం ఆకర్షణను వదిలించుకుని పోవడానికి కావలసిన వేగం, సెకనుకు 20 సెంటీమీటర్ల వరకే కాబట్టి, మామూలుగా ఒక అడుగు గట్టిగా వేసినా మనిషి తిరిగి రాని దారి పట్టవచ్చు. పైగా బెన్నూ ఒకే బండ కాదు; రాళ్లు, గులకలు, ధూళి బలహీనమైన ఆకర్షణతో కలిసి ఉన్న కుప్ప. 2020 అక్టోబరు 20న ఒసిరిస్-రెక్స్ వ్యోమనౌక నమూనా కోసం తన చేతిని ఆనించినప్పుడు అది దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. నౌక వెంటనే థ్రస్టర్లను మండించి వెనక్కి లేచింది కానీ, లేకపోతే ఇంకా లోపలికి కూరుకుపోయేదని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తాకిడికి అక్కడ సుమారు 8 మీటర్ల వెడల్పున గుంట పడింది.

పరిష్కారం: తవ్వే సన్నివేశం రాసే ముందు యంత్రాన్ని దేనికి కట్టి ఉంచారో నిర్ణయించుకోండి. గట్టి రాయి అయితే మేకులు దిగుతాయి. రాళ్ల కుప్ప అయితే మేకు పట్టు చిక్కదు కాబట్టి, శకలం చుట్టూ తాడో వలో బిగించడమో, మొత్తాన్ని ఒక సంచిలో బంధించి లోపలే పని చేయించడమో మేలు. లేచిన ధూళి తొందరగా కిందికి దిగదనీ, విద్యుదావేశం వల్ల సూటుకు, అద్దాలకు అంటుకుంటుందనీ గుర్తుంచుకుంటే, ఒక్క తప్పు దెబ్బ కొట్టిన కార్మికుడి వల్ల ఆ రోజు పనంతా ఎలా ఆగిపోతుందో మీరే చూపించగలరు. ఇంత మంచి ఉత్కంఠ చేతిలో ఉండగా గని కూలడం లాంటి భూమి మీది ప్రమాదాలను అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

సమస్య: గని కంపెనీ ఎలా బతుకుతుందో పాఠకుడికి అర్థం కావడం లేదు.

కారణం: ప్లాటినం, బంగారం భూమికి మోసుకొచ్చి అమ్ముతారని కథ చెబుతోంది. నిజంగా అంత లోహం వచ్చిపడితే ధర కూలిపోతుంది. రాకపోతే ప్రయాణపు ఖర్చు కూడా దక్కదు. లోహపు గ్రహశకలం అనగానే అందరూ సైకీ పేరు చెబుతారు. సుమారు 220 కిలోమీటర్ల పరిమాణమున్న ఆ శకలం సాంద్రత ఇనుము సాంద్రతలో దాదాపు సగమే కాబట్టి, అది పూర్తిగా లోహపు ముద్ద అన్న పాత ఊహ ఇప్పుడు బలహీనపడింది. 2023 అక్టోబరులో బయలుదేరిన నాసా వ్యోమనౌక 2029లో అక్కడికి చేరాల్సి ఉంది.

పరిష్కారం: కొనేవాడిని అంతరిక్షంలోనే పెట్టండి, సరుకును నీరు చేయండి. కర్బనం ఎక్కువగా ఉండే శకలాల్లో నీరు మంచుగానే కాక బంకమట్టి ఖనిజాల్లో బంధించబడి కూడా ఉంటుంది; ఒసిరిస్-రెక్స్ 2023 సెప్టెంబరులో భూమికి చేర్చిన 121.6 గ్రాముల నమూనాలో అలాంటి ఖనిజాలు పుష్కలంగా ఉన్నాయి. వాటిని కొన్ని వందల డిగ్రీలకు వేడి చేస్తే నీరు విడుదలవుతుంది. ఆ నీటిని విద్యుత్తుతో విడగొడితే ప్రతి కిలోకు సుమారు 889 గ్రాముల ఆక్సిజన్, 111 గ్రాముల హైడ్రోజన్ వస్తాయి. ఆక్సిజన్ ఊపిరికి, రెండూ కలిసి రాకెట్‌కు ఇంధనంగా పనికొస్తాయి. భూమి ఆకర్షణను దాటించి ఏ వస్తువైనా పంపాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల పలాయన వేగాన్ని ఎదుర్కోవాలి కాబట్టి, చిన్న శకలం మీద దొరికిన బకెట్టు నీటికి కక్ష్యలో ఉండే విలువ ప్లాటినానికి ఉండదు. కుళాయి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న దగ్గర మీ కథలోని రాజకీయం తనంతట తానే మొదలవుతుంది.

సమస్య: శకలం మీది ఊళ్లో జనం భూమి మీద లాగే నడుస్తున్నారు.

కారణం: గ్రహశకలాల పట్టీలో అన్నిటికన్నా పెద్దదైన సిరీస్ లాంటి దాన్ని ఎంచుకున్నా గురుత్వాకర్షణ భూమిలో మూడు శాతం లోపే, 70 కిలోల మనిషి అక్కడ రెండు కిలోలు తూగుతాడు. తిరిగే దాని లోపలి గోడ మీద బరువు లాంటి ఒత్తిడి పుడుతుంది కాబట్టి, దీనికి విరుగుడుగా కొందరు శకలాన్నే గిరగిరా తిప్పుతారు. రాళ్ల కుప్పలాంటి శకలం సుమారు 2.2 గంటలకు ఒక చుట్టు కన్నా వేగంగా తిరిగితే విడిపోవడం మొదలవుతుంది, ఆ వేగం కృత్రిమ బరువుకు ఏ మూలకూ చాలదు.

పరిష్కారం: శకలాన్ని కదిలించకుండా దాని లోపల జనం ఉండే ఒక పెద్ద బోలు డ్రమ్మును తిప్పండి. 250 మీటర్ల వ్యాసార్ధమున్న డ్రమ్ము సుమారు 32 సెకన్లకు ఒకసారి తిరిగితే గోడ దగ్గర భూమి మీది బరువే వస్తుంది. ఇరుసుకు సగం దూరంలో సగం బరువే ఉంటుంది, ఇరుసు దగ్గర అసలే ఉండదు. చుట్టూ ఉన్న రాయి రేడియేషన్ నుంచి కాపాడుతుంది. సిరీస్ దగ్గర ఎండ భూమి మీది దానిలో ఎనిమిదో వంతే కాబట్టి పంటలకు దీపాలు కావాలి. భూమికి పంపిన మాట చేరడానికి పావుగంట నుంచి అరగంట దాకా పడుతుంది కాబట్టి ఊళ్లోవారూ భూమి మీదివారూ అప్పటికప్పుడు ఫోన్లో వాదించుకునే సన్నివేశం తీసేయండి.

సమస్య: నౌక రాళ్ల గుంపులో మెలికలు తిరుగుతూ తప్పించుకుంటోంది.

కారణం, పరిష్కారం: కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న అసలు గ్రహశకలాల పట్టీ మొత్తం ద్రవ్యరాశి చంద్రుడిలో మూడు శాతం చుట్టుపక్కలే, అది పరుచుకున్న చోటు మాత్రం అపారం. పయోనీర్ 10 వ్యోమనౌక 1972-73లో ఏ రాయీ తగలకుండా దాన్ని దాటింది. గుంపు తప్పనిసరైతే శని వలయాల్లోనో, ఇప్పుడే ముక్కలైన ఒక శకలం దగ్గరో సన్నివేశం పెట్టండి.

సమస్య: శత్రువు శకలాన్ని మళ్లించిన రెండు రోజుల్లో నగరం మీద పడింది.

కారణం: అంత ద్రవ్యరాశిని కదిలించడానికి పట్టే కాలాన్ని కథ పట్టించుకోలేదు. 2022 సెప్టెంబరు 26న, శకలాన్ని మళ్లించగలమా అని పరీక్షించడానికి నాసా పంపిన డార్ట్ నౌక సెకనుకు 6 కిలోమీటర్లకు పైగా వేగంతో, దాదాపు 150 మీటర్ల డైమార్ఫోస్ అనే శకలాన్ని ఢీకొట్టింది. ఆ శకలం తనకన్నా పెద్దదైన డిడిమోస్ అనే శకలం చుట్టూ తిరిగే కాలం అరగంటకు పైగా తగ్గింది; కానీ దాని వేగంలో వచ్చిన మార్పు సెకనుకు 3 మిల్లీమీటర్ల లోపే.

పరిష్కారం: కాలాన్ని మీ పక్షాన పెట్టుకోండి. సెకనుకు ఒక సెంటీమీటరు మార్పు పదేళ్లలో సరళరేఖ లెక్కన కూడా మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది, కక్ష్యలో చేరే తేడా అంతకన్నా ఎక్కువ. అంటే ఈ ఆయుధాన్ని ఎక్కుపెట్టినవారు పదవిలో లేని రోజున అది గమ్యం చేరవచ్చు, దాన్ని ఆపాలనుకునేవారికీ అదే నిదానపు పనిముట్టు మిగులుతుంది. శకలం పెద్దదే కానక్కర లేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద గాలిలోనే పేలిన రాయి దాదాపు 20 మీటర్లది, అయినా ప్రధానంగా పగిలిన కిటికీ అద్దాల వల్లే వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. కాబట్టి కథను దెబ్బ తగిలిన రోజు నుంచి కాకుండా, పాత పరిశీలనలకూ కొత్త పరిశీలనలకూ మధ్య కక్ష్యలో చిన్న తేడా ఉందని ఒకరు గమనించి, అది సహజమా, మానవ ప్రయత్నమా అని పై అధికారులను ఒప్పించాల్సి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టండి.