జుట్టు మాత్ర కుదురును మార్చదు: ఫినాస్టరైడ్, మినాక్సిడిల్ వాడేముందు

జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టరైడ్ మొదలుపెట్టేవాళ్లలో చాలామంది, ఈ మాత్ర కుదుళ్లను హార్మోనుకు లొంగకుండా గట్టిపరుస్తుందని అనుకుంటారు. అది నిజం కాదు. మగవాళ్ల బట్టతలకు కారణమైన హార్మోను డీహెచ్‌టీ. ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మారుస్తుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లు దానికి లొంగే గుణం వంశపారంపర్యంగా వస్తుంది. మెడవైపు కుదుళ్లకు ఆ బాధ లేదు, అందుకే అక్కడి జుట్టు తీసి ముందు నాటినా నిలుస్తుంది. మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం తగ్గుతుంది. కుదురు గుణం మాత్రం ఉన్నట్టే ఉంటుంది.

కాబట్టి ముందు మీది ఈ రకం రాలడమేనా అని తేల్చుకోండి. టైఫాయిడ్, డెంగీ వచ్చిన రెండు మూడు నెలలకు తలంతా సమానంగా రాలితే దానికి ఈ మాత్ర పనిచేయదు. పేనుకొరుకుడు వేరే జబ్బు. మన దిక్కున అందరూ బోరు నీళ్లను తిడతారు. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుందే కానీ నెత్తి బట్టతల కాదు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, అక్కడ చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

మోతాదు రోజుకు 1 మిల్లీగ్రాము, తిన్నాక అయినా ముందైనా సరే. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. చవకని ఇదే మందు 5 మిల్లీగ్రాముల ప్రోస్టేట్ (మగవాళ్ల మూత్రాశయం కింద ఉండే గ్రంథి) మాత్రను నాలుగు ముక్కలు చేయడం మంచిది కాదు. ముక్కలు సమానంగా రావు, పొడి రాలుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పొడి ముట్టనే కూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చు.

తలకు రాసే మినాక్సిడిల్ దారి వేరు. హార్మోనుతో దానికి పనిలేదు, మొదట అది బీపీ మాత్ర. 5 శాతం ద్రావణం 1 మిల్లీలీటరు, రోజుకు రెండుసార్లు, పూర్తిగా ఆరిన తలకు, వెంట్రుకలకు కాక చర్మానికి రాయాలి. ఎండలో తిరిగొచ్చి చెమట తలకు రాస్తే అది చెంపల మీదికి జారి అక్కడ వెంట్రుకలు మొలుస్తాయి. దానికి ముందు కొబ్బరినూనె వద్దు. నాలుగు గంటలు తల తడపొద్దు. మంత్రాలయంలోనో తిరుమలలోనో గుండు చేయించుకుంటే కత్తిగాట్లు మానేదాకా ఆపండి. గాట్లలోంచి మందు ఎక్కువగా రక్తంలోకి పోయి గుండెదడ, కళ్లు తిరగడం రావచ్చు. స్పిరిట్ ఉంటుంది కాబట్టి సీసా పొయ్యి దగ్గర పెట్టొద్దు.

మినాక్సిడిల్‌తో మొదటి రెండు నుంచి ఎనిమిది వారాలు జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్తవి నెట్టడమే అది. ఆ భయంతో ఆపేసేవాళ్లున్నారు. మూడు నెలలకొకసారి అదే చోట, అదే వెలుతురులో ఫొటో తీసుకుని ఏడాదికి లెక్క చూడండి.

మాత్ర ఆపితే కుదుళ్లు ముందుకంటే సున్నితమవుతాయని భయపెట్టేవాళ్లున్నారు. జరిగేది ఇది: డీహెచ్‌టీ మళ్లీ మామూలుకు వస్తుంది, కాపాడుకున్న జుట్టు ఏడాదిలోపు పోతుంది. ఏళ్ల తరబడి మెల్లగా పోవాల్సింది నెలల్లో పోతుంది కాబట్టి ఎక్కువ నష్టమైనట్టు కనిపిస్తుంది.

కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, రొమ్ము నొప్పి కొద్దిమందికి వస్తాయి, కొందరికి మాత్ర ఆపాక కూడా ఉంటాయి. మనసు కుంగినా, చచ్చిపోవాలనిపించినా ఆరోజే మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సిగ్గుపడొద్దు. పిల్లల కోసం చూస్తుంటే ముందే చెప్పండి. వయసు 50 దాటితే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం తేల్చే రక్తపరీక్ష) చేయించుకున్నాకే మొదలుపెట్టడం మేలు: ఈ మాత్ర ఆ అంకెను సగానికి దించుతుంది, మాత్ర సంగతి తెలియని డాక్టర్ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గుర్తించలేకపోవచ్చు. రక్తదానం చేయాలంటే చివరి మాత్ర వేసుకున్నాక కనీసం నెల ఆగాలి. ఇదే రకం మరో మాత్ర డ్యూటాస్టరైడ్ అయితే ఆరు నెలలు, అది ఒంట్లోంచి పోవడానికి అంత కాలం పడుతుంది.