ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ లాక్ ఇరుక్కుపోతే

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే సర్వర్‌లోని ఫోల్డర్‌ను (షేర్) నెట్‌వర్క్ మీదుగా వేరే మెషీన్లు (క్లయింట్లు) వాడుకునే పద్ధతి. అందులో ఫైల్ తెరుచుకుంటుంది, చదవడం, రాయడం అన్నీ బాగానే ఉంటాయి. లాక్ (ఒకరు వాడుతుండగా ఇంకొకరు అదే ఫైల్‌ను మార్చకుండా పట్టి ఉంచడం) అడిగేసరికి మాత్రం ప్రోగ్రామ్ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతుంది. లేదంటే ‘నో లాక్స్ అవైలబుల్’ అని ఎర్రర్ కొడుతుంది. వెంటనే పర్మిషన్ల మీద పడకండి. ముందు ‘మౌంట్’ కమాండ్ ఇచ్చి ఆ షేర్ వెర్షన్ 3తో ఉందో 4తో ఉందో చూడండి.

తర్వాత చిన్న పరీక్ష. ఒక మెషీన్‌లో ‘ఫ్లాక్’ కమాండ్‌తో ఏదైనా ఫైల్‌ను ఒక నిమిషం పట్టి ఉంచండి. రెండో మెషీన్ నుంచి, ఆగకుండా తిరిగొచ్చే ఆప్షన్‌తో అదే ఫైల్‌ను అడగండి. వెంటనే కాదంటే లాకింగ్ పనిచేస్తోంది, తప్పు మీ అప్లికేషన్‌లో వెతకాలి. కదలకుండా ఉండిపోతే కింది కారణాలు చూడండి. రెండో మెషీన్‌కూ లాక్ దొరికిందంటే అన్నిటికన్నా ప్రమాదం, దాని సంగతి చివర్లో.

వెర్షన్ 3లో లాకింగ్ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో భాగం కాదు. లాక్‌డీ, స్టాట్‌డీ అనే సర్వీసులు విడిగా చూసుకుంటాయి. వాటి పోర్టులు స్థిరంగా ఉండవు, పోర్టు 111లో ఉండే ఆర్‌పీసీబైండ్‌ను (ఏ సర్వీసు ఏ పోర్టులో ఉందో చెప్పేది) అడిగి తెలుసుకోవాలి. డేటా 2049లో పోతుంది కాబట్టి ఫైర్‌వాల్ మిగతావి మూసేసినా చదవడం, రాయడం ఆగవు, లాక్ ఒక్కటే ఆగుతుంది. క్లయింట్ నుంచి సర్వర్ పేరుతో ‘ఆర్‌పీసీఇన్ఫో’ కమాండ్ ఇవ్వండి. లాక్ మేనేజర్ (లాక్‌డీ), స్టేటస్ (స్టాట్‌డీ) రెండూ కనబడకపోతే సర్వీసులు మొదలుపెట్టండి. కనబడితే ఎన్‌ఎఫ్‌ఎస్ కాన్ఫిగ్ ఫైల్‌లో రెండిటికీ స్థిరమైన పోర్టులిచ్చి ఫైర్‌వాల్‌లో తెరవండి. క్లయింట్ వైపు కూడా తెరవాలి, ఇది చాలామంది మర్చిపోతారు. లాక్ ఖాళీ అయ్యిందని సర్వర్ తిరిగి క్లయింట్‌కే కబురు పెడుతుంది. ఆ కబురు అందకపోతే లైనక్స్ క్లయింట్ 30 సెకన్లకోసారి తనే మళ్లీ అడుగుతుంది. లాక్ దొరుకుతోంది కానీ ఆలస్యంగా అంటే అనుమానం ఇక్కడే.

క్లయింట్ హఠాత్తుగా చచ్చిపోతే ఆ లాక్ అలాగే ఉండిపోతుంది. వెర్షన్ 3లో లాక్‌కు గడువు లేదు. ఆ మెషీన్ రీబూట్ అయ్యి కబురు పంపితేనే సర్వర్ వదులుతుంది. సర్వర్‌లో ప్రాక్ ఫోల్డర్ కింద ఉన్న లాక్స్ ఫైల్ చూడండి. అందులోని ఐనోడ్ నంబర్‌ను (ఫైల్ సిస్టమ్‌లో ఫైల్‌కుండే గుర్తింపు సంఖ్య) మీ ఫైల్ ఐనోడ్‌తో పోల్చితే ఇరుక్కున్నది అదేనో కాదో తేలిపోతుంది. ఆ మెషీన్ ఇక రాదంటే తీరిక వేళ సర్వర్‌నే రీబూట్ చేయడం మొరటైనా నికరమైన దారి. బతికున్న క్లయింట్లు తమ లాక్‌లు తిరిగి తెచ్చుకుంటాయి.

వెర్షన్ 4లో ఈ గొడవ తక్కువ. అంతా 2049 మీదే, లాక్‌కు లీజు (క్లయింట్ పొడిగించుకోకపోతే ముగిసే గడువు) ఉంటుంది, లైనక్స్ సర్వర్‌లో మామూలుగా 90 సెకన్లు. సర్వర్ లేచిన కొత్తలో లాక్‌లు ఇవ్వకపోతే టెన్షన్ పడొద్దు, గ్రేస్ పీరియడ్ (పాత లాక్‌లు తిరిగి తెచ్చుకోవడానికి క్లయింట్లకిచ్చే సమయం) దాటేదాకా ఆగండి. ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేసిన మెషీన్లలో లాక్‌లు ఊడిపోతుంటే హోస్ట్‌నేమ్‌లు చూడండి. పేరు ఒకటే అయితే సర్వర్ రెండిటినీ ఒక్క క్లయింట్ అనుకోవచ్చు. పేర్లు మార్చండి.

ఇక రెండు మెషీన్లకూ లాక్ దొరికిన కేసు. మౌంట్ ఆప్షన్లలో ‘నోలాక్’ ఉందేమో చూడండి. ఎర్రర్ పోతుందని ఎవరో పెట్టి ఉంటారు. నిజమే, పోతుంది, కానీ అప్పటినుంచి లాక్ ఆ మెషీన్‌కే పరిమితం. ఒక్క మెషీనే వాడే షేర్ అయితే ఉంచుకోవచ్చు. లేదంటే తీసేసి, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయండి, ఈలోపు రెండువైపులా రాసిన ఫైళ్లు చెడిపోలేదని సరిచూసుకోండి.