రాస్ 2లో పక్క కంప్యూటర్‌లోని సర్వీస్‌ని పిలవడం ఎలా?

రాస్ 2 అంటే రోబోల ప్రోగ్రామ్‌లు రాసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఒక ప్రోగ్రామ్ అడిగితే ఇంకోటి పని చేసి జవాబివ్వడమే సర్వీస్. రోబో లేకపోయినా పర్లేదు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక వైఫై చాలు. రెండింట్లోనూ ఉబుంటు 24.04, దాని మీద రాస్ 2లో జాజీ అనే రిలీజ్ డెస్క్‌టాప్ వెర్షన్ ఉంటే డెమోలు దాంతోపాటే వచ్చేసి ఉంటాయి.

కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ జాజీ ఫోల్డర్‌లోని సెటప్ డాట్ బాష్ ఫైల్‌ని సోర్స్ చేయాలి (అంటే 'సోర్స్' కమాండ్‌తో దాన్ని ఆ టెర్మినల్‌లో నడపాలి). మర్చిపోతే అసలు రాస్2 అనే కమాండే లేదంటుంది.

మొదటి ల్యాప్‌టాప్‌లో సర్వర్‌ని నడపండి:

రాస్2 రన్ డెమో_నోడ్స్_సీపీపీ యాడ్_టూ_ఇంట్స్_సర్వర్

(పలికినట్టు రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.) రెండు సంఖ్యలిస్తే కూడి చెప్పడమే దీని పని. ఎవరూ పిలవకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు, హ్యాంగ్ అయిందనుకుని కంట్రోల్ సీ కొట్టకండి.

రెండో ల్యాప్‌టాప్‌లో అదే కమాండ్, చివర సర్వర్ బదులు క్లయింట్. అది 2, 3 పంపుతుంది, 5 అని జవాబొస్తుంది, అటు సర్వర్ స్క్రీన్ మీద 2, 3 కనిపిస్తాయి.

ఐపీ అడ్రస్ ఎక్కడా ఇవ్వలేదు, గమనించారా? పాత రాస్ 1లో ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి కనుక్కోడానికి మాస్టర్ అని ఒకటి విడిగా నడపాల్సి వచ్చేది. ఇప్పుడు అడుగున డీడీఎస్ (ప్రోగ్రామ్‌ల మధ్య సమాచారం చేరవేసే పొర) ఉంటుంది కాబట్టి ప్రతి ప్రోగ్రామూ లేవగానే 239.255.0.1 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి చేరే) అడ్రస్‌కి, డొమైన్ (ఏ గుంపో చెప్పే నంబర్) 0 అయితే 7400 పోర్ట్‌కి, నేనున్నానని చాటింపు వేస్తుంది, విన్నవి తిరిగి పలుకుతాయి.

తలనొప్పి కూడా ఇక్కడే. చాటింపు వినబడకపోతే ఎర్రర్ రాదు, క్లయింట్ సెకనుకోసారి 'సర్వీస్ నాట్ అవైలబుల్, వెయిటింగ్ అగైన్' అంటూ కూర్చుంటుంది, అంతే. ఓ హాస్టల్ వైఫైలో నేను సాయంత్రమంతా కోడ్‌ని అనుమానించాను, చూస్తే రూటర్ ఒక ల్యాప్‌టాప్ మాట ఇంకోదానికి చేరనివ్వట్లేదు! ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే రెండు నిమిషాల్లో 5 వచ్చింది.

అందుకే కోడ్ జోలికి పోకముందే ఒక ల్యాప్‌టాప్‌లో 'రాస్2 మల్టీకాస్ట్ రిసీవ్', రెండోదాంట్లో 'రాస్2 మల్టీకాస్ట్ సెండ్' కొట్టండి. ఇటు హలో వరల్డ్ రాకపోతే తప్పు నెట్‌వర్క్‌దో ఫైర్‌వాల్‌దో. వస్తే మాత్రం రెండుచోట్లా రాస్_డొమైన్_ఐడీ (ఆ డొమైన్ నంబర్ సెట్టింగ్) ఒకటేనా చూడండి, ఎప్పుడో బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే నడిచే ఫైల్) పెట్టి మర్చిపోయిన రాస్_లోకల్‌హోస్ట్_ఓన్లీ (మాటల్ని ఆ ల్యాప్‌టాప్‌ దాటనివ్వని సెట్టింగ్) ఉంటే తీసేయండి.

మీ సంఖ్యలే పంపాలంటే 'రాస్2 సర్వీస్ కాల్' వాడొచ్చు, కాకపోతే ఏ, బీ (కూడాల్సిన రెండు సంఖ్యల పేర్లు) విలువలు రాసేటప్పుడు కోలన్ తర్వాత స్పేస్ తప్పనిసరి, లేదంటే తీసుకోదు.