3,35,50,336 పరిపూర్ణ సంఖ్య అని చేతితో నిరూపించడం ఎలా?

తనకంటే చిన్నవైన కారణాంకాలన్నింటినీ కూడితే తిరిగి తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6, 28, 496, 8128ల తరువాత ఈ వరుసలో అయిదవది 3,35,50,336. కాలిక్యులేటర్ చూపిన మొత్తాన్ని ఎత్తి రాసి దానినే నిరూపణ అనేవారు చాలామంది ఉన్నారు. అది నిరూపణ కాదు. ఈ పనికి గళ్ల నోటుపుస్తకం, పెన్సిల్ చాలు. గీతల పుస్తకం వాడకూడదు, అంకెలు వరుస తప్పుతాయి.

ముందుగా, బేసి సంఖ్య వచ్చేవరకు 2తో భాగిస్తూ పోవాలి. 1,67,75,168, ఆపై 83,87,584, ఇలా సాగి పన్నెండవసారికి 8191 వస్తుంది. కనుక మన సంఖ్య 2¹² × 8191.

రెండవ మెట్టులో 8191 ప్రధాన సంఖ్య అని చూపాలి. నిరూపణలు చెడిపోయేది ఇక్కడే. 8191 అంటే 2¹³ − 1. 13 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. 11 కూడా ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1, అంటే 2047, 23 × 89గా విడిపోతుంది. 3, 7, 11, 13లతో భాగించి చూసి ఆపేయడమూ చాలదు, ఎందుకంటే ఆ పరీక్షలో 2047 కూడా నెగ్గుతుంది.

8191 వర్గమూలం 90కి కాస్త ఎక్కువ. 8191 ప్రధాన సంఖ్య కాకపోతే ఈ హద్దు లోపలే దానికి ఒక ప్రధాన కారణాంకం ఉండాలి. 90 లోపు ప్రధాన సంఖ్యలు 24 ఉన్నాయి. అన్నింటితోనూ భాగించి చూడడం తప్పు కాదు గాని, అన్ని భాగహారాలలో ఏదో ఒకచోట పొరపాటు దొర్లడం ఖాయం. 1640 నాటికే ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా గుర్తించిన మార్గం దీనికంటే ఎంతో మేలు. q అనే ప్రధాన సంఖ్య 8191ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2 యొక్క ఘాతాలను qతో భాగిస్తూ పోతే, శేషం 1 మొదటిసారి 13వ ఘాతం దగ్గరే వస్తుంది, ఎందుకంటే 13కు 1, 13 తప్ప వేరే కారణాంకాలు లేవు. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం q − 1వ ఘాతం దగ్గర కూడా శేషం 1 రావాలి కాబట్టి q − 1ని 13 భాగించాలి. q బేసి కనుక q − 1 సరి సంఖ్య, అందుకే దానిని 26 కూడా భాగించాలి. అంటే q 27, 53, 79లలో ఒకటి కావాలి, ఆ తరువాతి 105 హద్దు దాటుతుంది. 27 ప్రధాన సంఖ్య కాదు. మిగిలినవి రెండే భాగహారాలు:

8191 = 53 × 154 + 29
8191 = 79 × 103 + 54

ఈ శేషాలను తప్పక రాయాలి. “భాగించబడదు” అని రాసి వదిలేస్తే చదివేవారు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక కూడిక. మొత్తం కారణాంకాలు 26; వాటిని ఒక్కొక్కటిగా కూడే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. 1, 2, 4 మొదలుకొని 4096 వరకు పదమూడింటి మొత్తం 8191. మిగతా పదమూడు వీటికే 8191 రెట్లు. కాబట్టి అన్నింటి మొత్తం 8191 × 8192, అంటే 6,71,00,672. ఇందులోనుంచి మన సంఖ్యను తీసివేస్తే మిగిలేది 3,35,50,336. 8191కి ఇంకే కారణాంకమున్నా ఈ మొత్తం పెరిగిపోయేది; 1024 × 2047 పరిపూర్ణ సంఖ్య కాలేకపోవడానికి కారణం అదే.

గుణకారం సరిచూసుకోవడానికి 1³ + 3³ + 5³ అంటూ 127³ వరకు 64 బేసి సంఖ్యల ఘనాలను కూడాలి. మొదటి n బేసి సంఖ్యల ఘనాల మొత్తం n²(2n² − 1). nకు బదులు 64 రాస్తే 4096 × 8191 వస్తుంది, అంటే ఆ ఘనాల మొత్తం కూడా 3,35,50,336 కావాలి.