చెన్నైలో కుండ నీళ్లు చల్లబడటం లేదా? చోటు మార్చి చూడండి

మైలాపూరులో అద్దెకు దిగిన కొత్తలో కుండ కొన్నాం. రెండు రోజులైనా నీళ్లు కొళాయి నీళ్లలాగే ఉన్నాయి. వంటింటి మూల నుంచి తీసి, గాలి ఆడే కిటికీ పక్కన ముక్కాలి పీట మీద పెట్టాను. సాయంత్రానికి కుండ పొట్ట తాకితే చేతికి చల్లగా, చెమ్మగా తగిలింది.

మట్టి కుండ సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది, చల్లదనం దాని వల్లే. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. దాదాపు అంతే బరువున్న మీథేన్ అణువులకు ఆ పట్టు లేదు. అందుకే మీథేన్ మైనస్ 161 డిగ్రీలకే మరుగుతుంది, నీరు 100 దాకా ఆగుతుంది. ఆ పట్టు వదిలించుకుని ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 క్యాలరీల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగం కుండలోని నీటి నుంచే వస్తుంది. బయటి వేడి చేరకపోతే 10 లీటర్లలో 100 మిల్లీలీటర్లు ఆవిరైనా చాలు, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది!

చిక్కల్లా తేమతోనే. సముద్రపు గాలి తిరిగాక, బయటికి పోయిన అణువుల్లో చాలా వరకు మళ్లీ కుండ మీదకే చేరతాయి. గాలి కదులుతుంటే కుండ చుట్టూ పేరుకున్న తేమ చెదిరిపోతుంది. కిటికీ లేకపోతే ఫ్యాను గాలి తగిలే చోటైనా పెట్టండి.

రంగు పూసిన కుండ ఎంత ముద్దొచ్చినా కొనకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. పాతదైతే సబ్బు వాడకుండా కొబ్బరి పీచుతో బయట రుద్ది కడగండి.