న్యూజెర్సీ టౌన్‌షిప్ కౌన్సిల్‌కు ‘మార్పు’ పేరుతో పోటీ చేయడం ఎలా?

న్యూజెర్సీలో మొత్తం 564 మునిసిపాలిటీలు. ఎడిసన్, ఫ్రాంక్లిన్ లాంటి టౌన్‌షిప్‌లు కూడా అందులోవే. ఇక్కడ ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివించుకుంటున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఏటా వేల డాలర్ల ఇంటి పన్ను కడుతున్నా, ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే కౌన్సిల్ మీటింగ్ గడప తొక్కినవాళ్లు మాత్రం మనలో తక్కువ. అలాగని ఈ దారిలో ఇంతవరకు మనవాళ్లెవరూ నడవలేదని కాదు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌లో మొదలుపెట్టి, 2000లో ఆ ఊరి మేయరై, తర్వాత రాష్ట్ర అసెంబ్లీదాకా వెళ్లారు.

పోటీ చేసేవాళ్లందరూ ‘మార్పు’ అనే అంటారు. ఆ మాటను కౌన్సిల్‌లో ఓటింగ్‌కు పెట్టగలిగే ప్రతిపాదనగా తేగలిగినవాళ్లకే జనం ఓటు అడిగే హక్కు ఉంటుందని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసమంతా దాని చుట్టూనే.

1. ముందు అర్హత సరిచూసుకోండి

అమెరికా పౌరసత్వం ఉండాలి, ఆ ఊళ్లో ఓటరుగా నమోదై ఉండాలి, కనీసం ఏడాదిగా అక్కడే నివసిస్తూ ఉండాలి. గ్రీన్ కార్డు చాలదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు పార్టీ గుర్తింపుతో జరిగే ఎన్నికల్లో నిలబడటానికి హ్యాచ్ చట్టం ఒప్పుకోదు. ప్రైవేటు ఉద్యోగమైనా కంపెనీ హెచ్‌ఆర్‌ను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఊరి పాలన ఏ పద్ధతిలో నడుస్తోందో కూడా తెలియాలి. ఎడిసన్‌లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు, కౌన్సిల్‌లో ఏడుగురుంటారు. టౌన్‌షిప్ కమిటీ పద్ధతి ఉన్న ఊళ్లలో ముగ్గురో ఐదుగురో సభ్యులు గెలిచి, తమలో ఒకరిని ఏడాదికోసారి మేయర్‌గా ఎంచుకుంటారు. అలాంటి ఊళ్లో “నేను మేయర్‌గా పోటీ చేస్తున్నా” అన్నారంటే, ఊరి సంగతే తెలియదన్న పేరు మొదటిరోజే వస్తుంది.

2. ఏడాది ముందునుంచే మీటింగులకు వెళ్లండి

1975 నాటి ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ సమావేశాలు అందరి ముందూ జరగాలి, జనం మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలి. చాలా ఊళ్లలో ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదు నిమిషాలు ఇస్తారు. మొదటి రెండు మూడు సార్లు మాట్లాడకండి. ఎవరు ఏ ప్రశ్నకు తడబడుతున్నారో, ఏ అంశం చర్చ లేకుండా గబగబా పాసవుతోందో గమనించండి. అజెండా ముందే వెబ్‌సైట్‌లో పెడతారు. చదివి వెళ్తే సగం విషయం అక్కడే బోధపడుతుంది.

వీలైతే ప్లానింగ్ బోర్డు, జోనింగ్ బోర్డు, లైబ్రరీ బోర్డు లాంటివాటిలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టండి. పెద్ద కట్టడాలు, గోదాములు, అపార్టుమెంట్ల గురించి ఊరి గొడవలన్నీ మొదట చేరేది ప్లానింగ్, జోనింగ్ బోర్డులకే.

3. మార్పును ఓటింగ్‌కు పెట్టగలిగే మాటగా రాయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇంటి పన్ను బిల్లు తీసి ముందు పెట్టుకోండి. అందులో స్కూళ్ల వాటా, కౌంటీ వాటా, మునిసిపాలిటీ వాటా విడివిడిగా కనిపిస్తాయి. సాధారణంగా సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. ఆ లెక్క తేల్చేది స్కూల్ బోర్డు, దానికి వేరే ఎన్నిక ఉంది. కాబట్టి “గెలిస్తే మీ పన్ను సగానికి తగ్గిస్తా” అని కౌన్సిల్ అభ్యర్థి ఎవరు చెప్పినా అది జరిగే పని కాదు. మీరు ఆ మాట అనకండి.

ఇంకో ఉదాహరణ. బడి దగ్గర పిల్లలు రోడ్డు దాటే చోట సిగ్నల్ లేదు, తల్లిదండ్రులు రోజూ గుండె చేతిలో పెట్టుకుని చూస్తున్నారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చేముందు రోడ్డు పక్కనున్న బోర్డు చూడండి. నీలం రంగు అయిదు మూలల పలకమీద పసుపు అంకె ఉంటే అది కౌంటీ రోడ్డు. దానిమీద సిగ్నల్ పెట్టే అధికారం టౌన్‌షిప్‌కు ఉండదు. అయినా చేయగలిగింది ఉంది. కౌంటీ ట్రాఫిక్ సర్వే చేయాలని కౌన్సిల్ చేత తీర్మానం చేయించవచ్చు, రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డుకు బడ్జెట్‌లో డబ్బు అడగవచ్చు. “మా పిల్లలకు భద్రత కావాలి” అన్న బాధ అప్పుడు “ఫలానా మూల దగ్గర క్రాసింగ్ గార్డు, వచ్చే బడ్జెట్‌లోనే” అనే మాటగా తేలుతుంది. ఓటరుకు కావాల్సింది ఆ మాటే.

బడ్జెట్ చదవాలంటే భయం అక్కర్లేదు. మునిసిపాలిటీలు మామూలు జనం కోసం ‘యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్’ పేరుతో ఒక పత్రం విడుదల చేస్తాయి. జీతాలకెంత, అప్పులకెంత, ఆరోగ్య బీమాకెంత అన్నీ అందులో ఉంటాయి. మునిసిపల్ పన్ను వసూళ్లను ఏడాదికి 2 శాతం కన్నా పెంచకూడదని రాష్ట్రం పరిమితి పెట్టింది, కొన్ని ఖర్చులకు మినహాయింపులున్నాయి. కొత్తగా ఏదైనా కావాలంటే దాదాపు ఎప్పుడూ ఇంకెక్కడో తగ్గించుకోవాల్సిందే. ఎక్కడ తగ్గిస్తారో చెప్పే ధైర్యం మీకుండాలి. కాంట్రాక్టులు, బిల్లుల కాపీలు కావాలంటే, ప్రభుత్వ పత్రాలు అడిగే హక్కునిచ్చే ఓప్రా చట్టం కింద మునిసిపల్ క్లర్క్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

ఇవన్నీ చూశాక మూడంటే మూడు హామీలు రాసుకోండి. ఒక్కోదాని ఎదుట ఇది ఆర్డినెన్సా (అంటే కౌన్సిల్ చేసే ఊరి చట్టం), తీర్మానమా, బడ్జెట్ పద్దా అని రాయండి. ఏడుగురున్న కౌన్సిల్‌లో నాలుగు ఓట్లు కావాలి. మిగతా ముగ్గురు ఎవరు? ఆ జవాబు దొరక్కపోతే ఒంటరిగా కాకుండా ప్యానెల్‌గా నిలబడటం గురించి ఆలోచించండి.

4. బ్యాలెట్ మీదికి ఏ దారిన?

మూడు దారులున్నాయి. పార్టీ తన అభ్యర్థిని ఓటర్ల చేత ఎంపిక చేయించే ప్రైమరీ జూన్‌లో జరుగుతుంది, ఓటర్ల సంతకాలతో నామినేషన్ పిటిషన్లు మార్చిలోనే ఇచ్చేయాలి. ఇండిపెండెంట్‌గా నవంబరులో నిలబడాలంటే ప్రైమరీ రోజు సాయంత్రం 4 గంటల్లోగా పిటిషన్ చేరాలి. కొన్ని ఊళ్లలో పార్టీల ప్రసక్తే లేకుండా మేలోనో నవంబరులోనో ఎన్నిక పెడతారు. ఎన్ని సంతకాలు కావాలో, ఆఖరు తేదీ ఏదో మునిసిపల్ క్లర్క్ నోటనే వినండి, వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాట నమ్మకండి. అడిగినదానికి రెట్టింపు సంతకాలు సేకరించండి. ఊరి ఓటరు కానివాళ్లవి, ప్రైమరీలో వేరే పార్టీవాళ్లవి అభ్యంతరం రాగానే ఎగిరిపోతాయి.

పార్టీ పెద్దల మద్దతున్నవాళ్లను బ్యాలెట్‌మీద ఒకే వరుసలో చూపే ‘కౌంటీ లైన్’ కొత్తవాళ్లకు చాలాకాలం పెద్ద అడ్డంకిగా ఉండేది. అప్పట్లో అమెరికా సెనేట్‌కు పోటీపడుతున్న ఆండీ కిమ్ వేసిన దావాలో 2024 మార్చిలో ఫెడరల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వుతో అది కదిలింది. ఒక పదవికి పోటీపడేవాళ్లందరి పేర్లూ ఒకేచోట ఉండేలా ఆ తర్వాత రాష్ట్రం చట్టం చేసింది. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి కాలం ఈమధ్య రాలేదు.

ప్రైమరీ బ్యాలెట్‌మీద పేరు పక్కన ఆరు పదాల్లోపు నినాదం కూడా పెట్టుకోవచ్చు. ఒట్టి ‘మార్పు’ అని ఆ చోటు వృథా చేయకండి.

5. డబ్బు లెక్క మొదటిరోజు నుంచీ

ఎన్నికల ఖర్చులను చూసే రాష్ట్ర సంస్థను ఎలెక్ అంటారు. దానికి ఫారాలు నింపాలి, ప్రచారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి, ట్రెజరర్‌ను పెట్టుకోవాలి. మనవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సిందొకటుంది. హెచ్-1బి మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్న స్నేహితుల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు, ఊరి ఎన్నికైనా సరే. అది ఫెడరల్ నేరం. వాళ్ల డబ్బు ఇంకొకరి పేరుమీద ఇవ్వడం కూడా నేరమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వచ్చు. వీసావాళ్లు జీతం లేకుండా పాంప్లెట్లు పంచవచ్చు, ఫోన్లు చేయవచ్చు.

పన్ను మినహాయింపు ఉన్న తెలుగు సంఘాల వేదికమీద మీకు ఓటేయమని చెప్పించుకోకండి. పండగకు మామూలు అతిథిగా వెళ్లండి, ప్రచారం బయట చేసుకోండి.

6. ఇంటింటికీ నడవండి

పోయిన రెండు ప్రైమరీల్లో ఎవరు ఓటు వేశారో ఓటరు జాబితాలో ఉంటుంది. కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఆ జాబితా తీసుకుని ముందు ఆ ఇళ్లకే వెళ్లండి. మన పేర్లు కనిపించిన తలుపులే తట్టుకుంటూ పోతే గెలుపు కష్టం. నలభై ఏళ్లుగా అదే వీధిలో ఉంటున్న పెద్దావిడకు కూడా డ్రైనేజీ నీళ్లు బేస్‌మెంట్‌లోకి వస్తున్నాయి. ఆమె ఇంటి ముందు పావుగంట నిలబడి వినాల్సిందే.

తలుపు తెరిచాక పేరు, వీధి, వచ్చిన పని చెప్పి, “ఈ ఊళ్లో మీకు ఏది బాగుపడాలనుంది?” అని అడిగి ఊరుకోండి. విన్నది వెంటనే కాగితంమీద రాసుకోండి, వారంలోగా ఫోన్ చేసి ఏమైందో చెప్పండి. ఈ ఒక్క పని చేసే అభ్యర్థులు చాలా తక్కువ.

మనవాళ్లలో చాలామంది ఏ పార్టీకీ నమోదు కాని ఓటర్లు. ప్రైమరీలో తమకు ఓటు లేదనుకుని ఇంట్లో ఉండిపోతారు. నిజానికి వాళ్లు ఆ రోజు పోలింగ్ కేంద్రంలోనే పార్టీ ఎంచుకుని ఓటు వేయవచ్చు. ఈ సంగతి ప్రతి ఇంట్లో చెప్పండి. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు ఎన్నికకు 21 రోజుల ముందుగా ఓటరుగా నమోదవ్వాలి.

7. బురద చల్లితే

2017లో ఎడిసన్ స్కూల్ బోర్డుకు పోటీచేసిన ఇద్దరు ఆసియా సంతతి అభ్యర్థుల ఫొటోలమీద ‘దేశం నుంచి పంపేయాలి’ అని ముద్రవేసి, ఊరంతటికీ పోస్టులో పంపారు. పంపినవాళ్లు పేరు పెట్టుకోలేదు. ఇలాంటిది మీకూ జరగవచ్చు. ఇంట్లోవాళ్లతో, ముఖ్యంగా పిల్లలతో ముందే మాట్లాడి ఉంచండి. జరిగితే పోలీసులకు చెప్పండి, ఒక్కసారి స్పష్టంగా ఖండించండి, మర్నాడు మళ్లీ క్రాసింగ్ గార్డు గురించే మాట్లాడండి.

8. పోలింగ్ రోజు, ఆ తర్వాత

పోలింగ్ కేంద్రానికి 100 అడుగుల లోపల ప్రచారం చేయకూడదు, మీ చొక్కామీది బ్యాడ్జీతో సహా. పోస్టులో వేసిన ఓట్ల లెక్కింపు తర్వాతి రోజుల్లోనూ సాగుతుంది, తేడా స్వల్పంగా ఉంటే తొందరపడి ఓటమి ఒప్పుకోకండి.

నవంబరు ఎన్నికలో గెలిస్తే జనవరి మొదట్లో ప్రమాణం. ఆ వెంటనే బడ్జెట్ కాలం మొదలవుతుంది కాబట్టి మూడు హామీల్లో ఒకటైనా మార్చిలోగా కాగితంమీదికి రావాలి. 2005లో జున్ చోయ్ 34 ఏళ్ల వయసులో, మూడు టర్మ్‌లుగా ఎడిసన్ మేయర్‌గా ఉన్న జార్జ్ స్పాడోరోను ప్రైమరీలో ఓడించి, నవంబరులో కొద్ది తేడాతో మేయరయ్యారు. 2009 ప్రైమరీలో ఓటర్లు ఆయన్నూ పక్కన పెట్టారు. మార్పు అడిగి గెలిచినవాళ్లను ఓటరు ఇంకాస్త కటువుగానే లెక్క అడుగుతాడు.

ఓడితే ముందు వీధుల్లో బోర్డులు తీయించండి, ఎలెక్‌కు ఇవ్వాల్సిన చివరి లెక్క గడువులోగా ఇవ్వండి, ఇళ్ల దగ్గర రాసుకున్న కాగితాలు జాగ్రత్తగా దాచండి. వసంతంలో బడ్జెట్ మీద జనాభిప్రాయం వినే రోజు వస్తుంది. ఆ కాగితాలు తీసుకుని వెళ్లి, మీ మూడు నిమిషాలూ వాడుకోండి.